గుండం గ్రౌండు హజరత్ వలి

మా ఊరి స్టేడియం గేటు మీద 'పురపాలక క్రీడా ప్రాంగణం' అని నీలం బోర్డు ఉంది. ఆ పేరు చెప్పి ఆటో ఎక్కారంటే డ్రైవరు మిమ్మల్ని ఊరంతా తిప్పి మళ్లీ బస్టాండులోనే దింపుతాడు. గుండం గ్రౌండు అనండి, ఇంకో మాట అడగకుండా తీసుకెళ్తాడు. మైదుకూరు వైపు నుంచి వచ్చే బస్సుల కండక్టర్లు కూడా "గుండం, గుండం, దిగేటోళ్లు దిగండప్పా" అనే అరుస్తారు. ఇప్పుడక్కడ గుండం లేదు. అది ఎలా పోయిందో, పోయిన రోజు ఎవరి చేతిలో నీళ్ల పైపు ఉందో కళ్లారా చూసినవాళ్లలో నేనొకదాన్ని.

ఈ ఊళ్లో ఆడపిల్లల హైస్కూలుకి డ్రిల్లు టీచరుగా వచ్చి ఇక్కడే రిటైరయ్యాను. నాకు నోరెక్కువని పేరు, అందులో అబద్ధమేమీ లేదు. గ్రౌండు వాచ్‌మన్ హజరత్ వలికి నాకంటే ఎక్కువ. అందుకే మొదటి రోజు నుంచీ మా ఇద్దరికీ కుదిరింది. గోరింటాకు పెట్టిన గడ్డం, తలకు చుట్టిన తువ్వాలు, చేతిలో ఎప్పుడూ ఒక పారో గడ్డపారో. గేటు దగ్గర చెప్పులు విడిచి లోపల ఒట్టి కాళ్లతో తిరిగేవాడు, మండు వేసవిలో కూడా. గ్రౌండులోకి మేకల్ని తోలినవాళ్లని, ప్లాస్టిక్ గ్లాసులు పారేసినవాళ్లని ఆయన తిట్టే తిట్లు రోడ్డు అవతలి కిరాణా కొట్టు దాకా వినిపించేవి. "మీ ఇల్లు యాడ?" అని ఎవరైనా అడిగితే గ్రౌండు వైపే చెయ్యి చూపించేవాడు. నిజానికి ఆయన ఇల్లు గ్రౌండు వెనక సందులో ఉండేది. భార్య షంషాద్ బీ ఆ సందులో బీడీలు చుడుతూ, "ఆయప్ప ఈడికి అన్నానికి మాత్రమే వస్తాడు టీచరమ్మా" అని నాతో అంటుండేది.

గ్రౌండు కంటే గుండం పాతది. గోడలూ గేట్లూ లేని రోజుల్లో అది ఊరి బయలు. పక్కనే పీర్ల చావిడి, బయలు నడుమ పీర్ల గుండం. మొహర్రం నెలవంక కనపడిన రోజున గుంతకు మొదటి పార వేసే హక్కు వలి వాళ్ల ఇంటిది. తవ్విన గుంతలో ఊరంతా కట్టెలు తెచ్చి వేసేవాళ్లు. సాయిబులూ, రెడ్లూ, బోయలూ, మాల మాదిగలూ, ఎవరి మొక్కు వాళ్లది. నిప్పు చుట్టూ తిరిగి, ఉప్పు చల్లి, హుస్సేన్ సామికి మొక్కుకునేవాళ్లు. పీర్లు ఊరేగి వెళ్లిపోయాక మూడో నాడు గుంతలో పాలు చల్లి మట్టి కప్పేవాళ్లు. అటు తర్వాత చెహల్లం దాకా, అంటే నలభయ్యో రోజు ఫాతెహా అయ్యేదాకా, ఆ చోట ఎవరూ కాలు పెట్టకూడదు. మిగతా ఏడాదంతా ఆ బయలు మీద వేరుశనగ కాయలు ఆరబోసేవాళ్లు. ఎద్దులకు బండలాగుడు పోటీలు పెట్టేవాళ్లు, ఎన్నికలొస్తే మీటింగులు.

గుండానికి ఒక నియమం ఉంది, అన్నిటికంటే గట్టిది. దాంట్లో నీటి చుక్క పడకూడదు. వలి నాకు చెప్పిన మాటల్లోనే చెప్తాను. "హుస్సేన్ సామి వాళ్లు దప్పికతో పోయినారు టీచరమ్మా. నీళ్లు పక్కనే పారుతాంటే తాగనియ్యలేదు. వాళ్ల పేరు మీద ఎలిగించిన నిప్పుని నీళ్లు పోసి సంపుతామా? దానంతట అది ఆరల్ల." అందుకే గ్రౌండు తడిపే రోజుల్లో కూడా ఆ గుండ్రటి చోటు వదిలేసి చుట్టూ తడిపేవాడు.

మునిసిపాలిటీ వాళ్లు బయలు చుట్టూ నాపరాతి బండలు నిలబెట్టి కంచె కట్టినప్పుడు గుండాన్ని తీసేద్దామన్నారట. వలి తండ్రి పెద్ద దస్తగిరి ఒప్పుకోలేదు. రాజీ కుదిరింది. గుండం ఉంటుంది, ఆ ఇంటి మనిషి ఒకడు వాచ్‌మన్‌గా ఉండి గ్రౌండు చూసుకోవాలి. అలా ఆ ఉద్యోగమూ ఆ గుంతా ముడిపడిపోయాయి. తండ్రి పోయాక రెండూ వలికి వచ్చాయి.

నేను వచ్చేనాటికి గ్రౌండులో నాపరాతి మెట్ల గ్యాలరీ ఒకటి ఉండేది. ఎండాకాలం దాని మీద కూర్చున్నవాడు మళ్లీ కూర్చునేవాడు కాదు. గ్రౌండుకి ఒకపక్క రోడ్డు, ఇంకోపక్క వాననీటి వంక కోసేయడంతో అది అచ్చం చేట ఆకారంలో ఉండేది. క్రికెట్ వాళ్లు వచ్చి చూసి, పెదవి విరిచి పోయేవాళ్లు. నేను ఒక వేసవిలో ట్రైనింగు క్యాంపుకి వెళ్లి బేస్‌బాల్ నేర్చుకుని వచ్చాను. ఒక బ్యాటు, నాలుగు గ్లోవులు, కొన్ని బంతులు. చేటకి మొన వైపు బ్యాటు పట్టుకున్న పిల్ల నిలబడితే, అంచుల వైపు విరజిమ్మినట్టు మిగతా పిల్లలు నిలబడాలి. ఆ ఆటకి మా గ్రౌండు కొలతలిచ్చి కుట్టించినట్టు సరిపోయింది. నడుమ కొంచెం ఎత్తు దిబ్బ మీద బంతి విసిరే పిల్ల ఉండాలి. టేపు పెట్టి కొలిచి చూస్తే ఆ దిబ్బ పీర్ల గుండం మీదికే వచ్చింది.

వలితో పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. ఆయన గడ్డం గీరుకుని, పూడ్చిన మట్టి ఎలాగూ కాస్త ఉబ్బెత్తుగానే ఉంటుందని గుర్తుచేశాడు. "చెహల్లం దాకా తొక్కగూడదు. ఆ పైన మీ పిల్లకాయలు తొక్కుకోండి. తొక్కితే మట్టి గట్టి పడతాది" అన్నాడు. మా పిల్లలు బంతి విసిరే ముందు ఆ మట్టిని వేలితో తాకి కళ్లకద్దుకోవడం అప్పుడే మొదలైంది. నేను నేర్పలేదు. ఊళ్లో మగవాళ్లు మా ఆటని గదాయుద్ధం అని వెక్కిరించేవాళ్లు. మా పిల్లలు జిల్లా గెలిచాక ఆ వెక్కిరింపు ఆగిపోయింది.

ఆ తర్వాత గ్రౌండు మారుతూ వచ్చింది. నాపరాతి మెట్లు పోయి సిమెంటు గ్యాలరీ వచ్చింది, దాని మీద రేకుల కప్పు. ఎత్తు స్తంభాల లైట్లు వచ్చాయి, వెలిగింది ఒక్క ప్రారంభోత్సవం రోజే. ఒక పెద్దమనిషి హెలికాప్టరు దిగాలని గుండం పక్కనే సున్నంతో పెద్ద గుండ్రం గీశారు. కరోనా రోజుల్లో కూరగాయల మార్కెట్టు తెచ్చి గ్రౌండులో పెట్టారు. అది పోయాక టమాటాల కుళ్లు వాసన నెలల తరబడి ఉంది. షుగరున్నవాళ్లు నడవడానికి చుట్టూ ఎర్ర టైల్స్ దారి, ఒక మూల ఇనుప కసరత్తు సామాన్లు. మార్పు వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు గుండం సంగతి ఎత్తేవాళ్లు. వలి అడ్డం తిరిగేవాడు. చివరికి గుండం ఉండేది, కానీ ఏదో ఒకటి తగ్గేది. ఒకసారి దీపం పెట్టే రాయి పోయింది. ఇంకోసారి పీర్లు లోపలికి వచ్చే దారి చిన్న గేటుకి కుదించారు. గుంత వెడల్పు కూడా తగ్గుతూ వచ్చింది. ఒక ఏడు వలి దాని అంచు మీద కూర్చుని, "మా తాత దీన్ని చూస్తే బోరింగు గుంత అనుకుంటాడు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే భయమేసింది.

నేను రిటైరయ్యాక కూడా పిల్లలకు ఆట నేర్పడం మానలేదు. ఆ రోజుల్లో మా జట్టులో బంతి విసిరే పిల్ల మహేశ్వరి. కోసిగి దగ్గరి పల్లె. తండ్రి శివన్న, తల్లి గిడ్డమ్మ సుగ్గికి వలసపోయే కూలీలు. మిరపకాయల కోతకి గుంటూరు వైపు వెళ్తే నెలల తరబడి రారు. అందుకే పిల్లని మా ఊరి హాస్టల్లో వదిలారు. ఆ పిల్ల సెలవుల్లో కూడా పోవడానికి ఇల్లు లేక గ్రౌండులోనే తిరిగేది. షంషాద్ బీ చేతి అన్నం తినేది, వలిని తాతా అని పిలిచేది. వలి ఆ పిల్ల కోసం కంచె బండ మీద సున్నంతో ఒక గడి గీసి, "ఈడ తగలల్ల" అని చెప్పి, తప్పితే తిట్టేవాడు. ఆ తిట్లన్నీ తిని మహేశ్వరి బంతి విసరడంలో రాష్ట్రంలో పేరున్న పిచ్చరయింది.

ఇంతలో రాష్ట్ర స్థాయి బాలికల పోటీలు మా ఊరికి ఇచ్చారు. వాటిని చూడడానికి పైనుంచి ఒక బృందం వస్తుందనీ, వాళ్లు సరేనంటే గ్రౌండు మొత్తం కృత్రిమ గడ్డి పరుస్తారనీ అన్నారు. మునిసిపాలిటీకి కొత్తగా వచ్చిన అధికారి కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆయన మీద నాకు కోపం లేదు. వలిని పిలిపించి కుర్చీ వేయించి మాట్లాడాడు. నేను పక్కనే ఉన్నాను.

"పెద్దాయనా, గుండం తీసెయ్యమని నేను చెప్పడం లేదు. కొత్త ప్లానులో కూడా ఆ చోటు వదిలేయిస్తాను. కానీ ఆటల రోజుకి అక్కడ గుంత జాడ కనపడకూడదు. వచ్చినవాళ్లు చూసి ఇదేంటని అడిగితే ఇంక నా చేతిలో ఉండదు. వచ్చే ఏడాది నుంచి బైపాసు దగ్గర పెట్టుకోవాల్సి వస్తుంది."

"జాడ ఉండదు సార్" అన్నాడు వలి. బయటికి వచ్చి గ్రౌండుకి చేరాక, గేటు దగ్గర చెప్పులు విడుస్తూ నా వైపు తిరిగాడు. "ఆ గుంత పోతే నేనెవుర్ని టీచరమ్మా? గేటు తీసి మూసేటోన్ని. అంతే గదా." నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన వినిపించుకోలేదు.

పండగకీ పోటీలకీ మధ్య కాస్త ఎడం ఉండేట్టే తేదీలు పెట్టుకున్నారు. కానీ నెలవంక వాళ్ల క్యాలెండరు చూసి పొడవదు కదా. నెలవంక చూడాల్సిన సాయంత్రం మబ్బు పట్టి చంద్రుడు కనపడలేదు. పండగ ఒక రోజు ఆలస్యమైంది. ఆ ఎడం కాస్తా పోయింది. పీర్లు వెళ్లిపోయిన మర్నాడే మొదటి ఆట.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఏడు రోడ్డు వెడల్పు చేయడానికి ఒక పాత చింతచెట్టు కొట్టేశారు. దాని మొద్దు, మనిషి నడుమెత్తుది, ట్రాక్టరు మీద తెప్పించి వలి గుండంలో నిలువుగా దింపించాడు. ఇదే ఆఖరి ఏడు అవుతుందేమోనన్న గుబులు ఆయన్ని తినేస్తోంది. పోతే పోయింది, ఈ ఒక్కసారైనా తాతల నాటి నిప్పు చూపిద్దామనుకున్నాడు. "మా నాయన గూడా ఇంత మొద్దు ఎయ్యలేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. నిప్పు అద్భుతంగా రగిలింది, కాదనను. గిడ్డమ్మ కూడా విత్తనం పనులు వదిలి కోసిగి నుంచి వచ్చింది. తల్లీ కూతురూ గుండం చుట్టూ తిరిగి ఉప్పు చల్లారు. కూతురు గెలిస్తే పైఏడు పీరుకి కొత్త దట్టీ గుడ్డ కట్టిస్తానని గిడ్డమ్మ మొక్కుకుంది. మహేశ్వరి ఆ మంట వైపు కళ్లార్పకుండా చూస్తూ నిలబడింది.

పదో రోజు సాయంత్రం పీర్లు వెళ్లగానే వలి గుంత పూడ్పించడం మొదలుపెట్టాడు. మూడో నాడు దాకా ఆగలేదు, ఆగడానికి వీల్లేదు. చెహల్లం దాకా తొక్కకూడదన్న నియమం కూడా ఆ ఒక్క ఏటికి వదులుకున్నాడు. నేను బస్టాండులో వచ్చిన జట్లని దింపుకునే పనిలో ఉన్నాను. అక్కడ జరిగింది తర్వాత ఓబులేష్ చెప్పాడు. ఓబులేష్ నీళ్ల ట్యాంకరు డ్రైవరు, గ్రౌండు తడపడానికి వచ్చి ఉన్నాడు.

"మామా, ఇంగా ఎర్రగా ఉండాది గదా" అన్నాడట.

"మన్ను కప్పితే ఊపిరాడక అదే సస్తాది" అన్నాడట వలి.

"నాలుగు బిందెలు పోస్తే..." అని ఓబులేష్ మాట పూర్తి కాకముందే వలి పార ఎత్తాడట. ఓబులేష్ చెవులు పట్టుకుని వెనక్కి తగ్గాడు. పాలు మాత్రం చల్లారు. పైన ఎర్రమట్టి పోసి, రోలరు లాగి, అద్దంలా చదును చేశారు. అధికారి వచ్చి చూసి, "ఆరిపోయింది కదా పెద్దాయనా?" అని అడిగాడు. "ఆరింది సార్" అన్నాడు వలి. ఆ మాట ఆయన నమ్మే అన్నాడని నేను ఈరోజుకీ అనుకుంటున్నాను. కానీ చింతమొద్దు లోపల్లోపల కాలుతూనే ఉంది. అది కాలి తగ్గే కొద్దీ పైన గట్టిపడిన మట్టికింద డొల్ల పడుతోంది. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు.

రాత్రి సన్నటి తుంపర పడింది. పొద్దున నేను వెళ్లేసరికి గ్రౌండంతా నల్లగా తడిసి ఉంది. నడుమ దిబ్బ ఒక్కటి గుండ్రంగా, ఎండిపోయి, తెల్లగా ఉంది. దాని మీద ఒక వీధికుక్క ముడుచుకుని పడుకుంది. చూస్తుండగానే అది లేచి, కాస్త పక్కకి జరిగి, మళ్లీ లేచి వెళ్లిపోయింది. వలి గంపతో తడిమట్టి తెచ్చి ఆ తెల్లటి చోట చల్లుతున్నాడు. ఆయన వెళ్లి ఇంకో గంప తెచ్చేలోపు చల్లింది ఆరిపోతోంది. మళ్లీ చల్లుతున్నాడు. ఈయన చాదస్తం చూడండి అని నవ్వుకుంటూ నేను పిల్లల్ని పోగేసుకోవడానికి వెళ్లాను. షంషాద్ బీ గేటు బయట నిలబడి ఉంది. "ఏమయ్యా, వాసన వస్తాండాది" అని కేకేసింది. "నీ బీడీల వాసన. పో ఇంటికి" అన్నాడాయన. అంత మొరటుగా ఆయన భార్యతో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

గ్యాలరీ నిండింది. పైనుంచి వచ్చిన బృందం ముందు వరుసలో కూర్చుంది, పక్కన మా అధికారి. గిడ్డమ్మ రేకుల నీడలో పైమెట్టు మీద, ఒళ్లో పెసరపప్పు బెల్లం మూటతో. వలి ఎప్పటిలాగే హద్దు గీత బయట గడ్డపార పక్కన పెట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. ఆయన ఆట చూడడం లేదు, మహేశ్వరి కాళ్లు చూస్తున్నాడు.

మహేశ్వరి మట్టి తాకి కళ్లకద్దుకుని, చెయ్యి చప్పున వెనక్కి తీసుకుని, వేళ్లు చూసుకుంది. తర్వాత విసరడం మొదలుపెట్టింది. ఎన్నడూ విసరనంత బాగా విసిరింది. అవతలి జట్టు పిల్లలు బ్యాట్లు ఊపి గాలిని కొట్టి వెళ్తున్నారు. మా వంతు బ్యాటింగుకి వచ్చినప్పుడు, "టీచర్, అరికాళ్లు సుర్రుమంటాండాయి" అంది. దాతలు ఎవరో ఇచ్చిన కొత్త బూట్లు, నాసిరకం రబ్బరు. ఆ దాతల్ని తిట్టి, రెండు జతల మేజోళ్లు తొడిగించాను. మహేశ్వరి నీళ్లు తాగడానికి వలి దగ్గరికి వెళ్లింది. నేను వాళ్ల వెనకే ఉన్నాను.

"తాతా, ఒక మాట చెప్తా, ఎవురికీ చెప్పొద్దు" అంది. ముఖం వెలిగిపోతోంది. "సామి ఇంగా పోలేదు తాతా. గుండంలోనే ఉండాడు. కాళ్ల కింద ఏడిగా తెలుస్తాండాది. నేను ఎంత గట్టిగా అదిమి నిలబడితే అంత బలం వస్తాండాది సేతికి."

వలి నీళ్ల చెంబు కింద పెట్టి, వంగి ఆ పిల్ల బూటు తాకి చూడబోయాడు. ఆ పిల్ల నవ్వి, మళ్లీ తన వంతు రాగానే పరుగెత్తి వెళ్లి దిబ్బ మీద నిలబడింది. ఈసారి ఎడమకాలి మడమతో మట్టిని నొక్కి నొక్కి చూసుకుంటోంది. మడమ పక్కన మట్టి నెర్రె విచ్చి, ఊదుబత్తీ అంత సన్నటి పొగ పైకి లేచింది. గ్యాలరీలో ఎవరికీ కనపడలేదు. పిల్ల చేతులు జోడించింది.

వలి లేచాడు. గడ్డపార తీసుకుని హద్దు గీత దాటి గ్రౌండులోకి నడిచాడు. అంపైరు ఈల ఊదాడు, గ్యాలరీలోంచి కేకలు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. మహేశ్వరి రెక్క పట్టుకుని ఒక్క గుంజు గుంజి అవతలికి నెట్టాడు. పిల్ల కిందపడి బిత్తరపోయింది.

"ఏమిటికి తాతా?"

"సామి కాదు తల్లీ. నేను."

అంపైరు కోపంగా దిబ్బ మీదికి వస్తున్నాడు. "వద్దు సార్, రావద్దు" అని అరిచి వలి గడ్డపార ఎత్తి దిబ్బ నడుమ పొడిచాడు. గడ్డపార సగానికి దిగిపోయింది. మట్టి ఒక్కసారిగా కుంగింది. ఆయన ఎడమకాలు చీలమండ దాకా లోపలికి పోయింది. వెనక్కి పడుతూ లాక్కున్నాడు. గాలి తగలగానే కింద మొద్దు ఎర్రగా కళ్లు తెరిచింది, ఆ వెనకే మంట. పైమెట్టు మీంచి గిడ్డమ్మ పెట్టిన కేక నా చెవుల్లో ఇంకా ఉంది.

పిల్లల్ని దూరంగా తరిమాను. అధికారి పరుగెత్తుకొచ్చి ట్యాంకరుని పిలిచాడు. ఓబులేష్ బండి తెచ్చి ఆపాడు, దిగి పైపు పట్టుకున్నాడు, పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెప్పులు విడిచి ఉన్నాడు. "నా వల్ల కాదు సార్. మా ఇంట్లో పిల్లకాయలుండారు" అన్నాడు. అధికారి చుట్టూ చూశాడు. గ్యాలరీ దిగొచ్చినవాళ్లలో హిందువులున్నారు, ముస్లిములున్నారు, పోలీసులున్నారు. పైపు అందుకోవడానికి ఒక్క చెయ్యి ముందుకు రాలేదు. నాదీ రాలేదు. మంట కుంగిన అంచుల్ని నాకుతోంది, పక్కన ఇంకా మట్టి జారుతోంది.

వలి కింద కూర్చుని ఉన్నాడు. కాలి చర్మం ఊడి వేలాడుతోంది. ఆయన దాని వైపు చూడలేదు. చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి ఓబులేషూ."

"మామా, నువ్వా?"

"పిల్లకాయలు తొక్కే చోటు అది. ఇయ్యి."

కూర్చున్నవాడు కూర్చున్నట్టే పైపు రెండు చేతుల్తో పట్టుకుని గుండంలోకి తిప్పాడు. బుస్సుమని లేచిన ఆవిరిలో ఆయన కనపడలేదు. ఆ చప్పుడు ఆగేదాకా ఎవరూ కదల్లేదు. ఆవిరి తగ్గాక చూస్తే, పైపు అలాగే పట్టుకుని, ముఖం చావిడి వైపు కాకుండా పక్కకి తిప్పుకుని ఏడుస్తున్నాడు. ఆ మనిషి ఏడవగా నేను చూడడం అదే. నాకు ఏడుపు కంటే ముందు సిగ్గేసింది, నిలబడి చూస్తున్నందుకు.

అధికారి తర్వాత ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనడానికి ఏముంది? గుండం బైపాసు దగ్గరికి పోయింది. ఆసుపత్రిలో నెలకి పైగా ఉండి వచ్చాక వలికి నడక కుంటయింది. మరుసటి ఏడు చావిడి పెద్దలు ఇంటికొచ్చి, బైపాసు గుండానికి మొదటి పార నువ్వే వెయ్యాలి, హక్కు నీదే అన్నారు. "నీళ్లు పోసిన చెయ్యి" అని రెండు చేతులూ వాళ్ల ముందు పెట్టి చూపించాడు. మళ్లీ అడిగే ధైర్యం వాళ్లకి లేకపోయింది. ఇప్పుడు వేరే ఇంటివాళ్లు వేస్తున్నారు. నెలవంక చూసే సాయంత్రం వలి తలుపు వేసుకుని పడుకుంటాడని షంషాద్ బీ చెప్పింది.

గ్రౌండులో కృత్రిమ గడ్డి పరిచారు. ఎటు చూసినా ఒకటే పచ్చదనం, నడుమ దిబ్బ చోట ఇటుక రంగు చాప ముక్క. చూడడానికి బాగుంటుంది. వాచ్‌మన్ బదులు కెమెరాలు పెట్టారు. వలి ఆ గేటు లోపలికి మళ్లీ రాలేదు. సాయంత్రాలు మాత్రం గేటు ఎదురుగా కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుంటాడు. మేకలు కనపడితే అక్కణ్నుంచే తిడతాడు, ఇప్పుడు ఆ తిట్లలో పస లేదు.

మొన్న వేసవిలో నేనూ ఆ అరుగు మీదే ఉన్నాను. మహేశ్వరి ప్రాక్టీసు ముగించుకుని బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి ఆయన పక్కన కూలబడింది. ఆయన రోజూ అడిగే మాటే అడిగాడు.

"కాళ్లు సల్లగుండాయా తల్లీ?"

పిల్ల అరికాళ్లు తిప్పి చూపించింది. ఎర్రగా కమిలి, ఒక చోట బొబ్బ లేచింది. "యాడ తాతా? ఆ ప్లాస్టిక్ గడ్డి ఎండకి నిప్పయితాండాది. మిట్టమధ్యాన్నమైతే నిలబడేకి కాదు. గుండమే నయం" అంది నవ్వుతూ.

వలి ఆ పాదాన్ని ఒళ్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి, గేటు అవతల పచ్చగా మెరుస్తున్న గ్రౌండు నడుమకి చూపు పెట్టాడు.

"నీళ్లు పొయ్యమను తల్లీ" అన్నాడు. "ఇప్పుడు ఆడ ఎవురైనా పొయ్యొచ్చు."